కూర్చున్న చతురస్రం, నిలబడ్డ చతురస్రం

మండల గణిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అందరికీ నమస్కారం. పొద్దున్నే ప్రార్థన చూసుకుని, హాజరు వేసి, బస్సు పట్టుకుని వచ్చినవాళ్లే అందరూ. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నా చేతిలో ఉన్నది పాత పెళ్లి శుభలేఖ అట్ట. పది సెంటీమీటర్ల భుజంతో చతురస్రంగా కత్తిరించాను. వెనక బల్లల వాళ్లకి కనబడుతోందా? ఇప్పుడు దీన్ని ఒక మూల కిందికి వచ్చేలా తిప్పుతున్నాను. ఇప్పుడేమిటిది? మీరంతా చతురస్రమే అంటున్నారు. ఆరో తరగతిలో ఇదే అడిగితే క్లాసులో సగానికి పైగా "డైమండ్ సార్" అన్నారు. పేకముక్కల మీద చూసిన ఆకారం, గాలిపటం ఆకారం. ఆ పేరు వాళ్లకి అక్కడి నుంచి వచ్చింది.

సరేనని, అట్టని నిలువుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, "చతురస్రం ఎక్కడ డైమండ్ అయిపోయిందో అక్కడ ఆపండి" అన్నాను. మూడో బల్ల మీద కూర్చున్న అమ్మాయి కొంచెం తిప్పగానే "ఆపండి సార్" అంది. "ఎందుకమ్మా, ఏం మారింది?" అని అడిగాను. ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోలేదు. "ఇందాక కూర్చునుంది సార్. ఇప్పుడు నిలబడింది. చతురస్రం కూర్చోవాలి కదా" అంది.

ఆ మాట నేను ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. ఆ అమ్మాయికి భుజాలు సమానమని తెలుసు, కోణాలు లంబకోణాలని తెలుసు. నిర్వచనం అడిగితే గడగడా అప్పజెప్పింది. దానితోపాటు ఇంకో షరతు కూడా తన మనసులో ఉంది, కింది భుజం నేలకి ఆనుకుని ఉండాలని. అది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కానీ ఏ పుస్తకంలో చూసినా బొమ్మ అలాగే ఉంటుంది. ఒకటో తరగతి నుంచి చూసిన ప్రతి చతురస్రం కూర్చునే ఉంది. మనం బోర్డు మీద వేసినవన్నీ కూర్చునే ఉన్నాయి. అన్ని బొమ్మలు చూసి పిల్ల ఒక నియమం పట్టుకుంది. దాన్ని తెలివితక్కువతనం అనగలమా? చూసినవాటిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవడమే కదా మనం గణితంలో నేర్పాలనుకునేది!

1981లో డేవిడ్ టాల్, ష్లోమో విన్నర్ అనే ఇద్దరు గణిత విద్యా పరిశోధకులు ఈ సంగతికి ఒక పేరు పెట్టారు. మనిషి మనసులో ఒక భావనకి నిర్వచనం వేరుగా ఉంటుంది, చిత్రం వేరుగా ఉంటుంది అన్నారు. చిత్రమంటే ఒక్క బొమ్మ అని కాదు, ఆ మాట వినగానే మనసులో మెదిలే బొమ్మలు, గుణాలు, అనుభవాలు అన్నీ కలిపి. లెక్క చేయాల్సి వచ్చినప్పుడు పిల్లలు నిర్వచనం దగ్గరికి వెళ్లరు, చిత్రం దగ్గరికే వెళ్తారు. నిజానికి మనమూ అంతే. అందుకే నిర్వచనం పదిసార్లు రాయించినా ఆ అమ్మాయికి ఏమీ ఒరగదు. అది ముందే వచ్చు కదా.

దీనికి ముందే, 1957లో, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఒక భార్యాభర్తల జంట పరిశోధన గ్రంథాలు సమర్పించింది. పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే. ఇద్దరూ మనలాగే హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పినవాళ్లు. నేను ఇంత బాగా వివరిస్తున్నా పిల్లలకి ఎందుకు అందట్లేదు అన్న ప్రశ్న మనకున్నట్టే వాళ్లకీ ఉంది. డీనా ఆ గ్రంథం పూర్తిచేసిన కొద్దికాలానికే చనిపోయారు. ఆ ఆలోచనని పియరీ ముందుకు తీసుకెళ్లారు. వాళ్లు చెప్పినదాన్ని మన మాటల్లో చెప్తాను. మొదట పిల్లలు ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు, మనిషి ముఖాన్ని గుర్తుపట్టినట్టు. తర్వాత గుణాలు చూస్తారు, ఇన్ని భుజాలు, ఇలాంటి కోణాలు అని. ఆ తర్వాత గుణాల మధ్య సంబంధాలు చూస్తారు, ఈ గుణం ఉంటే ఆ గుణం ఉండక తప్పదు అని. నిరూపణ ఆపైన వస్తుంది. ఆ తర్వాత స్థాయి కూడా ఒకటుంది, దానితో మన బడికి పనిలేదు. ఈ మెట్లు వయసుతోపాటు వాటంతటవే ఎక్కేవి కావు, పిల్లలకి మనం చేయించే పనితో ఎక్కేవి అన్నారు వాళ్లు. ఒక మెట్టు మీది మాట ఇంకో మెట్టు మీది మనిషికి అర్థం కాదని కూడా అన్నారు. నేను మూడో మెట్టు మీద నిలబడి "చతురస్రం" అంటాను, పిల్ల మొదటి మెట్టు మీద నిలబడి "చతురస్రం" అంటుంది. మాట ఒకటే, సరుకు వేరు. ఇద్దరం ఒకే భాష మాట్లాడుతున్నామని అనుకుంటూనే ఏడాది గడిచిపోతుంది.

భాష మాట వచ్చింది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను. తెలుగులో లెక్కలు చెప్పే మనకి ఎదురయ్యే చిక్కులు కొన్నున్నాయి. వీటి గురించి బయటి పరిశోధనలు మనకేమీ చెప్పవు. మనమే చూసుకోవాలి.

దీర్ఘచతురస్రం అన్న మాట తీసుకోండి. చతురస్రం దీర్ఘచతురస్రమేనా అని తొమ్మిదో తరగతిలో అడిగి చూడండి. "కాదు సార్, అది పొడుగ్గా ఉండాలి" అంటారు. ఎందుకనరు? పేరులోనే దీర్ఘం ఉందాయె. ఇంగ్లీషు మాట రెక్టాంగిల్‌కి మూలార్థం లంబకోణాలు ఉన్నది అని. ఆ పేరు కోణం గురించి చెప్తుంది, మన పేరు పొడవు గురించి చెప్తుంది. ఇంకా లోపలికి వెళ్తే, అస్రం అంటే మూల. చతురస్రం అంటే నాలుగు మూలలున్నది, అంతే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథాలు శుల్బ సూత్రాల్లో సమచతురస్రం వేరు, దీర్ఘచతురస్రం వేరు. నాలుగు మూలలవాటిలో ఒకటి సమంగా ఉన్నది, ఒకటి పొడుగ్గా ఉన్నది. మన వాడుకలో ముందున్న "సమ" రాలిపోయి ఉత్త చతురస్రం మిగిలింది. దాంతో దీర్ఘచతురస్రం అంటే పిల్లల చెవికి "సాగదీసిన చతురస్రం" అని వినిపిస్తోంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఈ తప్పు చేస్తారు, కాబట్టి నెపమంతా పేరు మీదే వేయను. కానీ మన దగ్గర పేరు కూడా ఆ తప్పుకి కొమ్ము కాస్తోంది. అందుకే నేను ఆ మాట చెప్పిన రోజే పిల్లలకి ఈ కథంతా చెప్తాను. పది నిమిషాల పని.

తర్వాత, భూమి. త్రిభుజానికి భూమి. ఊళ్లో పుట్టిన పిల్లకి భూమి ఎక్కడుంటుంది? కాళ్ల కింద. అందుకే త్రిభుజాన్ని తలకిందులుగా వేసి భూమి చూపించమంటే పైనున్న అడ్డగీతని వదిలేసి, కిందున్న మొనని చూపిస్తారు. ఏ భుజాన్నైనా భూమిగా తీసుకోవచ్చు అని మనం ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోతాం. ఆ వాక్యం పిల్ల అనుభవానికి పూర్తిగా ఎదురు వెళ్తోందని మనకి తట్టదు. లంబం కూడా అంతే. లంబమంటే అసలు వేలాడేది అని. వేలాడేది నిట్టనిలువుగానే ఉంటుంది మరి.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది కర్ణం. లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురు భుజం కర్ణం. చతుర్భుజంలో ఎదురెదురు మూలల్ని కలిపే గీత కూడా కర్ణమే. ఇంగ్లీషులో రెండు వేరు మాటలున్నాయి, మనకి ఒకటే. సమాంతర చతుర్భుజం భుజాలు 6, 8 అని ఇచ్చి, దాని కర్ణం పొడవు చెప్పగలమా అని అడిగాను ఒకసారి. క్లాసులో చాలామంది 10 అని రాసేశారు. లెక్కలో ఎక్కడా లంబకోణం లేదు. "కర్ణం అన్నారు కదా సార్, పైథాగరస్" అన్నాడొక అబ్బాయి. వాడికి పైథాగరస్ సిద్ధాంతం రాదని నేను అనుకుని ఉంటే, ఆ సిద్ధాంతాన్నే మళ్లీ చెప్పేవాణ్ణి, వాడు మళ్లీ 10 అనే రాసేవాడు.

ఈ పూట ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇదే. తప్పు జవాబు వెనక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలియకుండా మళ్లీ చెప్పడమంటే, రోగమేదో చూడకుండా అదే మాత్ర రెట్టింపు మోతాదులో వేయడం. ఒక్కోసారి ఆ మాత్రే రోగాన్ని పెంచుతుంది. అదెలాగో ఒక్క ఉదాహరణతో దగ్గరగా చూపిస్తాను.

బోర్డు మీద ఏబీసీ త్రిభుజం వేస్తున్నాను చూడండి. బీ దగ్గర కోణం దాదాపు 120 డిగ్రీలు. బీసీ భుజాన్ని అడ్డంగా వేయకుండా కాస్త ఏటవాలుగా వేశాను, అది కావాలనే. "ఏ నుంచి బీసీకి ఎత్తు గీయండి." ప్రశ్న ఇంతే. లెక్కలేమీ లేవు, రెండు నిమిషాలు చాలు.

కాగితాలు తీసుకుంటే నాలుగు రకాల తప్పులు కనిపిస్తాయి. కొందరు ఏ నుంచి పేజీ కింది అంచు వైపు నిట్టనిలువుగా గీస్తారు. వీళ్ల మనసులో ఎత్తంటే నిలువు. కొందరు బీసీ మధ్య బిందువుకి గీస్తారు. వీళ్లకి ఎత్తు, మధ్యగతం కలిసిపోయాయి, సమద్విబాహు త్రిభుజంలో రెండూ ఒకటిగా కనిపించాయి కాబట్టి. కొందరు ఏబీ భుజాన్నే దిద్ది అదే ఎత్తు అంటారు. లంబకోణ త్రిభుజాల లెక్కలు చేసీ చేసీ, ఎత్తు అంటే ఒక భుజం అని స్థిరపడిపోయింది. ఇక నాలుగో రకం వాళ్లు బీ నుంచి ఏసీకి లంబం గీస్తారు, చక్కగా, మూలమట్టం పెట్టి మరీ. వీళ్లకి లంబమంటే తెలుసు. కానీ ఎత్తు త్రిభుజం లోపలే ఉండాలి అనుకుంటారు. ఏ నుంచి గీస్తే అది బయట పడుతోంది. బయట పడేది ఎత్తెలా అవుతుంది? అందుకని లోపల పట్టేదాన్ని వెతుక్కున్నారు.

నా ఉద్యోగంలో మొదటి పదేళ్లు ఈ నాలుగింటికీ ఒకటే ఎర్ర గీత కొట్టాను. ఒక అబ్బాయి పుస్తకం నాకింకా గుర్తుంది. బీ నుంచి ఏసీకి లంబం గీశాడు. నేను "తప్పు. లంబం సరిగా గీయి" అని రాశాను. వాడు రబ్బరుతో తుడిపి, పెన్సిలు చెక్కుకుని, ఇంకా జాగ్రత్తగా అదే గీత మళ్లీ గీశాడు. కాగితం ఆ చోట పల్చబడి అవతలి పేజీ కనిపిస్తోంది. వాడి లంబంలో ఏ దోషమూ లేదు. దోషం నేను రాసిన మాటలో ఉంది. ఆ అబ్బాయి తర్వాత లెక్కల క్లాసులో చెయ్యెత్తడం మానేశాడు. ఇది ఎవరికో జరిగిన సంగతిగా చెప్పి తప్పించుకోలేను.

ఇప్పుడు ఏం చేస్తానో చెప్తాను. మూడో రకం, నాలుగో రకం వాళ్లకి కొబ్బరి చెట్టు కథ పనిచేస్తుంది. గట్టు మీద కొబ్బరి చెట్టు కాలవ వైపు బాగా వంగి ఉంది. పైనుంచి బొండం రాలింది. ఎక్కడ పడుతుంది? మొదట్లో పడదు, దూరంగా కాలవలో పడుతుంది. అది పడిన దారే ఎత్తు. చెట్టు మాను పొడవు వేరు, బొండం పడ్డ దూరం వేరు అని పిల్లలే చెప్తారు. మాను ఏబీ భుజం. బొండం దారి త్రిభుజం బయట ఉంది, అయినా ఎత్తు అదే. బీసీ గీతని బీ అవతలికి పొడిగించాలన్న సంగతి కూడా వాళ్లకే తడుతుంది, నేల అక్కడితో ఆగిపోదు కాబట్టి.

అయితే ఇదే కథ మొదటి రకం వాళ్లకి చెప్తే ఏమవుతుంది? బొండం నిట్టనిలువుగా పడుతుంది. ఎత్తంటే నిలువే అన్న వాళ్ల నమ్మకానికి నేనే మేకు కొట్టినట్టవుతుంది. వాళ్లకి కావలసింది పైకీ కిందికీ తేడా లేని పని. అందుకు కాగితం మడత కంటే మంచి సాధనం నాకు దొరకలేదు. త్రిభుజం గీసిన కాగితాన్ని, బీ అవతలికి పొడిగించిన బీసీ గీత తన మీద తనే పడేలా, మడత ఏ గుండా పోయేలా మడవాలి. విప్పి చూస్తే ఆ మడతే ఎత్తు. కాగితాన్ని ఎటు తిప్పి మడిచినా అదే గీత వస్తుంది. గీత తన మీద తను పడింది కాబట్టి రెండు పక్కలా కోణాలు సమానం, అంటే లంబకోణాలు. కారణం కూడా చేతిలోనే ఉంది. కాగితం మడతలతో రేఖాగణితం చెప్పడం మీద 1893లోనే మద్రాసులో టి. సుందరరావు గారు ఒక పుస్తకం వేశారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని మెచ్చుకోవడంతో ఆ పుస్తకం దేశాలు దాటింది. మన పక్క ఊళ్లో పుట్టిన పద్ధతిని బీరువాలో పెట్టి, ఎక్కడెక్కడివో చార్టులు కొంటున్నాం మనం.

మధ్యగతంతో కలిపేసుకున్న రెండో రకానికి మందు చాలా తేలిక. ఒకే త్రిభుజంలో రెండూ గీయించి పేర్లు రాయిస్తే చాలు. దాని మీద ఇంకేమీ చెప్పను.

కోణం దగ్గరికి వస్తే, భుజాలు పొడుగ్గా ఉంటే కోణం పెద్దది అనుకోవడం అందరం చూసిందే. గోడ గడియారం, చేతి గడియారం రెండింటిలోనూ మూడు గంటలు పెట్టి చూపిస్తే చాలామందికి వదిలిపోతుంది. కోణమానినితో వచ్చే తప్పు వేరు. 50 ఉండాల్సిన చోట 130 రాస్తారు, రెండు వరసల అంకెలున్నాయి కాబట్టి. ఏ వరస చదవాలో నియమం చెప్పకండి. నియమం మర్చిపోతారు. కోణమానినిని ముట్టుకోకముందే "ఇది పుస్తకం మూల కంటే పెద్దదా, చిన్నదా" అని అడిగి, జవాబు రాయించి, అప్పుడు కొలవనివ్వండి. చిన్నది అని రాసిన చెయ్యి 130 రాయడానికి వెనకాడుతుంది.

ఇక చుట్టుకొలత, వైశాల్యం. ఇక్కడ పాతుకున్న నమ్మకం, చుట్టుకొలత ఒకటే అయితే వైశాల్యం కూడా ఒకటే అని. పెద్దవాళ్లలోనూ ఇది గట్టిగా ఉంది. స్థలాలు కొనేటప్పుడు, అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు దీనివల్ల నష్టపోయినవాళ్లున్నారు. 20 సెంటీమీటర్ల చుట్టు వచ్చేలా దారం ముడేసి ఇవ్వండి. గళ్ల కాగితం మీద 9, 1 గా పరిస్తే 9 గళ్లు. 7, 3 గా పరిస్తే 21. 5, 5 గా పరిస్తే 25. దారం ఒక్క పోగు కూడా పెరగలేదు. ఆ గళ్లు లెక్కపెడుతున్నప్పుడు పిల్లల ముఖాలు చూడండి. చెప్పిన దానికీ, వాళ్ల వేలి కింద వచ్చిన దానికీ ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

దీనికంటే లోతైనది ఇంకోటి ఉంది. భుజాలన్నీ తెలిస్తే చాలు, వైశాల్యం తెలిసిపోతుందన్న నమ్మకం. నాలుగు కొబ్బరి ఈనె ముక్కలు, ఒక్కొక్కటి 10 సెంటీమీటర్లు, మూలల్లో సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు. అరవింద్ గుప్తా గారు ఈ ట్యూబు ముక్కల పద్ధతిని దేశమంతా బడుల్లోకి తెచ్చారు. చతురస్రంగా పట్టుకుంటే వైశాల్యం 100. మూలని కొంచెం నొక్కితే సమచతుర్భుజం అవుతుంది. ఒక కర్ణం 12కి వచ్చేదాకా నొక్కితే రెండోది 16 అవుతుంది, వైశాల్యం 96. ఇంకా నొక్కుతూ పోతే సన్నబడి సన్నబడి పూర్తిగా మూసుకుపోతుంది. భుజాలు మాత్రం 10, 10, 10, 10. త్రిభుజంతో ఇదే చేయమనండి. ఎంత నొక్కినా కదలదు. నాలుగు భుజాలు చాలవనీ, మూడు చాలుననీ ఒకే ఆటలో తెలుస్తుంది. సర్వసమానత్వం పాఠంలో భుజం భుజం భుజం నియమం త్రిభుజాలకే ఎందుకుందో తర్వాత వేరే చెప్పక్కర్లేదు.

భుజాలు తెలిస్తే వైశాల్యం తెలిసిపోతుందనుకోవడం కొత్తగా ఎవరో కనిపెట్టిన తప్పు కాదు. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు, ఎదురెదురు భుజాల సగటులు తీసి గుణిస్తే వచ్చేది స్థూల ఫలం మాత్రమే, సూక్ష్మం కాదు అని తేల్చి చెప్పాడు. మన ఊళ్లలో స్థలాలు కొలిచేవాళ్లు నేటికీ వాడేది ఆ స్థూల సూత్రమే. మన ఈనెల చట్రాన్ని ఎంత నొక్కినా ఆ సూత్రం 100 అనే అంటుంది. 1150లో భాస్కరాచార్యుడైతే కోప్పడ్డాడు. కర్ణం గానీ లంబం గానీ చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం ఇంత అని తేల్చమని అడిగేవాడు పిశాచం, దానికి జవాబు చెప్పేవాడు అంతకంటే పిశాచం అని తన లెక్కల గ్రంథం లీలావతిలో రాశాడు. పిల్లలకి ఈ మాట చెప్తే ఎంత సంబరపడతారో! ఆ తర్వాత ఒక్కరు కూడా కర్ణం అడగకుండా జవాబు రాయరు. మన సర్వేయర్లు కూడా నాలుగు గట్లూ కొలిచి ఊరుకోరు. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, మూల నుంచి మూలకి గొలుసు లాగుతారు. ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్, ఈ పొలం కొలతల నక్షాల్లో ఏది తెరిచి చూసినా లోపల ఆ గీతలు కనిపిస్తాయి. రైతు పిల్లలున్న క్లాసులో ఆ నక్షా జిరాక్సు ఒకటి తెప్పించండి. సెంట్లు, గుంటలు వాళ్ల ఇంటి మాటలే.

త్రిభుజం కోణాల మొత్తం గురించి ఒక్క మాట. కొలిచి చూడమంటే నిజంగా వచ్చేది 179, 181, 178. కానీ పుస్తకాలన్నిటిలో సరిగ్గా 180 ఉంటుంది. పిల్లలు కొలతని దిద్దేస్తారు. మనం దానికి మార్కులు వేస్తాం. ఇలా మనకి తెలియకుండానే, చూసింది కాక అడిగింది రాయాలి అని నేర్పుతున్నాం. 179 వచ్చిందని ధైర్యంగా రాసిన పిల్లని నేను బోర్డు దగ్గరికి పిలుస్తాను. "మరి 180 అని అంత నమ్మకంగా ఎలా చెప్తున్నారు?" అన్న ప్రశ్న ఆ పిల్ల నోటి నుంచి వస్తుంది. నిరూపణ ఎందుకు కావాలో చెప్పడానికి అంతకంటే మంచి క్షణం దొరకదు. మూలలు చింపి పక్కపక్కన పేరిస్తే సరళకోణం వస్తుందని చూపించడం ఏడో తరగతికి చాలు. తొమ్మిదికి చాలదు. అక్కడ సమాంతర రేఖ గీయాల్సిందే.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను ప్రతి పాఠానికీ ఇవన్నీ చేయను. పాఠం మొదలుపెట్టే ముందు రోజు, ఆఖరి ఐదు నిమిషాల్లో, ఒకే ఒక్క ప్రశ్న. జవాబు, దాని కింద "ఎందుకంటే" అని ఒక వాక్యం. పేరు రాయక్కర్లేదు, మార్కులు లేవు. ఇంటికెళ్లి ఆ కాగితాల్ని తప్పుల ప్రకారం కుప్పలు వేస్తాను. ఎన్ని తప్పులున్నాయని కాకుండా, ఎన్ని రకాలున్నాయని చూస్తాను. సాధారణంగా మూడు నాలుగు కుప్పలకి మించవు. మర్నాడు ఏ కుప్పకి ఏం చేయాలో అప్పుడు తెలుస్తుంది. ప్రశ్న మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. తప్పుగా ఆలోచించినా సరైన జవాబు వచ్చే ప్రశ్న పనికిరాదు. బీసీని అడ్డంగా వేసి, లఘుకోణ త్రిభుజం ఇచ్చి ఎత్తు గీయమంటే, ఎత్తంటే నిలువే అనుకునే పిల్ల కూడా సరిగ్గానే గీస్తుంది. మనం అందరికీ వచ్చేసిందనుకుని ముందుకు వెళ్తాం. మన బిట్ పేపర్లలో ఎక్కువ అలాంటివే ఉన్నాయని నా బాధ.

"ఎందుకంటే" అన్నది మన ముఖం చూసి రాసేలా ఉండకూడదు. తప్పు చెప్పగానే మన కనుబొమలు లేస్తాయి, పిల్ల వెంటనే జవాబు మార్చేస్తుంది. మార్చిన జవాబు సరైనదైనా, లోపలి ఆలోచన అలాగే ఉంటుంది. సరైన జవాబు చెప్పినప్పుడు కూడా "ఎందుకు" అని అడగడం అలవాటు చేస్తే, ఆ మాట విని పిల్లలు భయపడటం మానేస్తారు. నాకు ఈ అలవాటు రావడానికే రెండేళ్లు పట్టింది.

చతురస్రం వైశాల్యాన్ని రెట్టింపు చేయమంటే భుజాన్ని రెట్టింపు చేయడం అన్నిటికంటే పాత తప్పు. ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీసు, చదువు రాని ఒక బానిస కుర్రాడిని ఇదే అడుగుతాడు. వాడు మొదట భుజం రెట్టింపు అంటాడు, వైశాల్యం నాలుగింతలు వస్తుంది. మొదటి భుజం 2 అడుగులు కాబట్టి, 4 కాదు 3 అంటాడు, 8 రావాల్సిన చోట 9 వస్తుంది. తనకి తెలియదని వాడు ఒప్పుకున్నాక, సోక్రటీసు కర్ణం గీసి చూపిస్తాడు. తప్పుని బొమ్మే బయటపెట్టేలా చేయడం నాకు చాలా నచ్చుతుంది. కానీ చివర్లో ప్రశ్నలన్నీ సోక్రటీసువే, కుర్రాడు అవునవును అంటాడంతే. అక్కడ నాకు అసంతృప్తి. ఆ కర్ణం కుర్రాడి చేతికే దొరికి ఉండాల్సింది. బౌధాయన శుల్బ సూత్రంలోనూ ఈ మాటే ఉంది, సమచతురస్రానికి మూల నుంచి మూలకి లాగిన తాడు రెట్టింపు భూమిని ఇస్తుందని. అక్కడ భూమి అంటే వైశాల్యం.

మొదట చెప్పిన అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆ ఏడాది ఆఖర్లో క్లాసంతటికీ చతురస్రపు కాగితాలిచ్చి, వైశాల్యం సరిగ్గా సగమయ్యేలా మడవండి, కానీ మళ్లీ చతురస్రమే రావాలి అన్నాను. చాలామంది మధ్యకి మడిచి దీర్ఘచతురస్రం తెచ్చారు. ఆ అమ్మాయి కాసేపు ఊరికే కూర్చుని, నాలుగు మూలల్నీ ఒక్కొక్కటిగా మధ్య బిందువు దగ్గరికి మడిచింది. మూలలు నాలుగూ కాగితాన్ని ఖాళీ లేకుండా కప్పేశాయి. రెండు పొరలు, అంటే సగం. వచ్చిన ఆకారం తన ముందు ఒక మూల మీద నిలబడి ఉంది. పక్కనున్న పిల్ల "ఇది డైమండ్ కదే" అంది. ఈ అమ్మాయి దాన్ని తిప్పలేదు. నోట్సు పుస్తకం మూల తెచ్చి, దాని నాలుగు మూలలకీ ఒక్కొక్కటిగా ఆనించి చూసింది.

మీ బల్లల మీద తెల్ల కాగితాలు పెట్టించాను. ముందు దాన్ని చతురస్రంగా కత్తిరించండి. తర్వాత వైశాల్యం సగమయ్యేలా, చతురస్రమే వచ్చేలా, నేనిప్పుడు చెప్పిన దారిలో కాకుండా ఇంకో దారిలో మడవగలరేమో చూడండి. దొరకకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగిపోయారో, ఏమనుకుని ఆ మడత వేశారో కాగితం మీదే రాయండి. పావుగంట తర్వాత ఆ కాగితాల్ని కుప్పలు వేద్దాం.